ఒకే రోజు మూడు ఖాళీ సీట్లు: 2012ల పాలమూరు ఏం చెప్పింది?



ఉప ఎన్నిక అంటే మనకు హుజూరాబాద్, మునుగోడు పేర్లే యాదికొస్తయి. కానీ మన పాత పాలమూరు జిల్లాల ఒకే రోజు మూడు ఉప ఎన్నికలు జరిగినయి. అప్పటికి మనల చాలామందిమి పలకా బలపం పట్టిన పిల్లలం. అందుకే ఇది రాస్తున్నం.

ఆ రోజు 2012 మార్చి 18. మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, కొల్లాపూర్ మూడు చోట్ల పోలింగ్. మన వడ్డేపల్లి అలంపూర్ నియోజకవర్గంల ఉంటది కాబట్టి మన దగ్గర ఓటింగ్ లేదు. పక్కనోళ్లు ఏం తేలుస్తరా అని చూసుడే మన పని.

ముందుగాల సీటు ఎట్ల ఖాళీ అయితదో చూద్దాం. ఎమ్మెల్యే చనిపోతే ఖాళీ అయితది. రాజీనామా చేస్తే మాత్రం కాయితం ఇచ్చుడుతోనే అయిపోదు, స్పీకర్ ఆమోదించాలె. ఖాళీ అయినంక మామూలుగా 6 నెలల్లోపు ఎన్నిక పెట్టాలని ప్రజాప్రాతినిధ్య చట్టం చెబుతది. సభ గడువు ఏడాది కన్నా తక్కువుంటే ఆ నియమం వర్తించదు.

మహబూబ్‌నగర్‌ల స్వతంత్ర ఎమ్మెల్యే రాజేశ్వర్ రెడ్డి చనిపోవుడుతోని సీటు ఖాళీ అయింది. మిగిలిన రెండు తెలంగాణ కోసం చేసిన రాజీనామాలు. నాగర్‌కర్నూల్‌ల నాగం జనార్దన్ రెడ్డి 2009ల తెలుగుదేశం నుంచి గెలిచిండు. కొల్లాపూర్‌ల జూపల్లి కృష్ణారావు కాంగ్రెస్ నుంచి గెలిచి మంత్రి కూడా అయిండు. ఇద్దరూ పదవి వదిలి, పాత పార్టీకి దూరమై, మళ్లా అదే ఓటర్ల ముందటికి వచ్చిండ్రు. నాగం స్వతంత్రంగా, జూపల్లి టీఆర్ఎస్ నుంచి.

మార్చి 21న ఫలితాలు. నాగం గెలిచిండు, జూపల్లి గెలిచిండు. మహబూబ్‌నగర్‌ల టీఆర్ఎస్ కూడా పోటీల ఉన్నా బీజేపీ అభ్యర్థి యెన్నం శ్రీనివాస్ రెడ్డి గెలిచిండు. అంటే మూడు చోట్ల మూడు రకాల అభ్యర్థులు. గుర్తులు వేరు, మాట ఒక్కటే: తెలంగాణ కావాలె. రాష్ట్రంల అధికారంల ఉన్న కాంగ్రెస్‌కు, ప్రతిపక్షంల ఉన్న తెలుగుదేశంకు ఒక్కటి కూడా రాలె.

ఇంకో సంగతి. 2009 అసెంబ్లీ ఎన్నికలల్ల టీఆర్ఎస్‌కు మన జిల్లాల ఒక్క సీటు రాలె. 2010 జులైల తెలంగాణల 12 ఉప ఎన్నికలు జరిగితే, అండ్ల పాలమూరు సీటు ఒక్కటీ లేదు. కాబట్టి ఈ ప్రశ్న మీద అసెంబ్లీ ఓటు వేసే అవకాశం మన జిల్లాకు 2012లనే వచ్చింది. సాధారణ ఎన్నికల్ల రోడ్డు, పింఛన్, కులం, పైసలు అన్నీ కలిసిపోతయి. ఆ ఉప ఎన్నికల్ల అన్నిటికన్నా ముందు ఒకే ప్రశ్న నిలబడ్డది. 2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది. ఆ మూడు సీట్లతోనే వచ్చిందని అనం, వందల మంది ప్రాణాలిచ్చిండ్రు. కానీ పాలమూరు గొంతు కూడా అండ్ల ఉంది.

ఇగ మన సంగతి. పాత జిల్లాల 14 అసెంబ్లీ సీట్లున్నయి. అలంపూర్, అచ్చంపేట ఎస్సీలకు రిజర్వ్. ఎస్టీలకు సున్నా. ఇన్ని తండాలు, నల్లమలల ఇన్ని చెంచుపెంటలు ఉన్నా సున్నానే. ఎస్టీ సీట్ల లెక్క రాష్ట్రం మొత్తం జనాభాను బట్టి తీస్తరు, మనోళ్ల శాతం ఎక్కువున్న నియోజకవర్గాలకే ఇస్తరు. మన ఓట్లు జిల్లా అంతా చెదిరి ఉన్నయి.

మరి చెదిరిన ఓటుకు బలం లేదా? ఉంది. తండాలను పంచాయతీలు చేయాలని మన పెద్దలు ఏండ్ల తరబడి అడిగిండ్రు. ఒక్కో తండా చిన్నదే, అడిగిన మాట మాత్రం అన్ని తండాలది. 2018 పంచాయతీరాజ్ చట్టంతోని చాలా తండాలు పంచాయతీలైనయి, మనోళ్లే సర్పంచులైండ్రు. 2012 ఫలితం చెప్పేది కూడా అదే. గుర్తులు మూడైనా అడిగిన మాట ఒక్కటైతే వినబడతది.

ఉప ఎన్నిక ఎప్పుడొస్తదో ఎవలకు తెల్వదు. వచ్చినంక ప్రశ్న వెతుక్కుంటే టైం సరిపోదు. అందుకే 18 నిండినోళ్లు ముందుగాల ఓటరు లిస్టుల పేరు చూసుకోండి, లేకుంటే ఫారం 6 నింపండి. తర్వాత మీ తండాల, మీ పెంటల కూసొని ఒక్క ప్రశ్న తేల్చుకోండి. పట్టానా, హాస్టల్ సీట్లా, నీళ్లా, రోడ్డా? ఏది ముందు?

కొల్లాపూర్, నాగర్‌కర్నూల్ దిక్కున్న మిత్రులు, 2012ల ఓటేసిన మీ ఇంటి పెద్దలను అడిగి కింద రాయండి. అప్పుడు ఓటు కోసం వచ్చినోళ్లను మనోళ్లు ఏం అడిగిండ్రు? ఆ మాటలు ఎక్కడా రాసి లేవు, మనమే రాసిపెట్టుకోవాలె.