కార్ట్ బండికి ఎన్ని పళ్ళు?

రేసులు నేర్చుకునే పిల్లలు మొట్టమొదట ఎక్కే చిన్న బండి పేరు కార్ట్. పైకప్పు లేదు, స్ప్రింగులు లేవు, చాలా రకాల్లో గేర్ బాక్సు కూడా ఉండదు. ఇంజన్ పక్కన ఒక చిన్న పళ్ళ చక్రం, వెనక ఇరుసు మీద ఒక పెద్ద పళ్ళ చక్రం, రెండింటినీ కలిపే చైన్. అంతే. మన సైకిల్లో ముందుది పెద్దది, వెనకది చిన్నది. కార్ట్‌లో అది తిరగబడి ఉంటుంది. 1956లో అమెరికాలోని కాలిఫోర్నియాలో ఆర్ట్ ఇంగెల్స్ అనే ఆయన గడ్డి కోసే యంత్రం ఇంజన్ బిగించి మొదటి కార్ట్ చేశారు.

దీనికీ మనకూ ఏం సంబంధం అనుకోవద్దు. ఈ పళ్ళ లెక్క మన పక్క ఊరు కోయంబత్తూరుకు కార్ట్ పుట్టకముందే తెలుసు.

1910లో కుప్పుస్వామి నాయుడు గారు అక్కడ లక్ష్మి మిల్స్ మొదలుపెట్టారు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడే కుటుంబం, మన కుటుంబాల మాదిరే. 1920లో జి.డి. నాయుడు గారు పొల్లాచి నుంచి పళనికి ఒకే ఒక బస్సు నడిపారు. ఆ పళని అప్పుడు మదురై జిల్లా, 1985 నుంచి మన దిండిగల్ జిల్లా. 1930లలో పైకారా కరెంటు వచ్చాక కోయంబత్తూరులో మిల్లు మీద మిల్లు లేచింది. 1937లో జి.డి. నాయుడు గారు కరెంటు మోటారు కూడా అక్కడే తయారు చేయించారు.

మిల్లులో నూలు వడికే రింగ్ ఫ్రేమ్ చివర పళ్ళ చక్రాల గుంపు ఒకటి ఉంటుంది. అందులో ఒక చక్రం మార్చితే నూలు మెలిక మారుతుంది, ఇంకొకటి మార్చితే దారం సన్నమో లావో అవుతుంది. మా తాత దిండిగల్ దగ్గర ఒక మిల్లులో ఫిట్టరుగా చేశారు. 'ఒక పన్ను తప్పితే ఆ రోజు నూలంతా తప్పే' అని ఇప్పటికీ చెప్తారు. కార్ట్ గురించి చదివినప్పుడు నాకు మొదట గుర్తుకు వచ్చింది ఈ మాటే. యంత్రం మార్చకుండా పళ్ళు మార్చి పని మార్చడం, రెండు చోట్లా ఒకటే విద్య.

ఇప్పుడు లెక్కకు వస్తాను. గణితం వద్దనేవాళ్ళు కూడా కొంచెం ఓర్చుకోండి, భాగహారం తప్ప ఏమీ లేదు. ముందు చక్రానికి 12 పళ్ళు, వెనక చక్రానికి 80 పళ్ళు అనుకుందాం. 80ని 12తో భాగిస్తే 6.67. అంటే ఇంజన్ 6.67 చుట్లు తిరిగితే ఇరుసు ఒక చుట్టు తిరుగుతుంది. దీన్నే గేర్ రేషియో అంటారు. ఇంజన్ నిమిషానికి 13,000 చుట్లు తిరిగితే ఇరుసు 1,950 చుట్లు. వెనక టైరు ఒక చుట్టుకు సుమారు 88 సెంటీమీటర్లు పోతుంది. గంటకు దాదాపు 103 కిలోమీటర్లు వస్తుంది. వెనక 84 పళ్ళు పెడితే రేషియో 7 అవుతుంది, అదే 13,000 దగ్గర వేగం 98కి పడిపోతుంది. ఐదు కిలోమీటర్లు పోయాయి. కానీ మలుపు దాటి బయటికి వచ్చేటప్పుడు చక్రాన్ని లాగే బలం 5 శాతం పెరిగింది.

ఏది మంచిది? ట్రాక్‌ను అడగాలి. పొడుగాటి నేరు దారి ఉంటే వెనక పళ్ళు తక్కువ, ఇరుకు మలుపులు ఎక్కువ ఉంటే వెనక పళ్ళు ఎక్కువ. నేరు దారి చివర బ్రేకు తొక్కే ముందే ఇంజన్ తన గరిష్ఠ చుట్లకు చేరాలి, అదీ గురి. సగం దారిలోనే చేరిపోతే ఇంజన్ అరుస్తుంది గానీ బండి ఇక ముందుకు పెరగదు, ఇంజన్ కూడా చెడుతుంది. ఎప్పటికీ చేరకపోతే ప్రతి మలుపులోనూ బండి నీళ్ళలో నడిచినట్టు ఉంటుంది. ఈ చిన్న టూ స్ట్రోక్ ఇంజన్లకు తక్కువ చుట్ల దగ్గర బలమే ఉండదు కదా. వాన పడితే వేగం ఎట్లాగూ తగ్గుతుంది, అందుకని వెనక రెండు మూడు పళ్ళు పెంచుతారు.

జూనియర్లకు ఇది ఎందుకంత ముఖ్యం? మన దేశంలోనూ వాడే రోటాక్స్ మ్యాక్స్ 125 సీసీ ఇంజన్‌కు సీలు వేసి ఇస్తారు, లోపల ఎవరూ చెయ్యి పెట్టకూడదు. నాన్న ఎంత డబ్బున్నవాడైనా ఇంజన్‌లో బలం కొనలేడు. పళ్ళ చక్రం మాత్రం పేద పిల్లవాడైనా, ధనవంతుడి పిల్లవాడైనా తానే తేల్చుకోవాలి. రేసులు ఖరీదైన ఆటే, కాదనను. కానీ ఈ ఒక్క చోట బుర్రకు విలువ ఉంది.

ఇదే ఆలోచన లక్ష్మి మిల్స్ కుటుంబంలో 1954లో పుట్టిన ఎస్. కరివర్ధన్ గారికి పెద్ద ఎత్తున వచ్చింది. అప్పట్లో రేస్ కారు అంటే విదేశం నుంచి తెప్పించాలి. ఆయన మన రోడ్ల మీద తిరిగే మారుతి 800 కారు 796 సీసీ ఇంజన్‌తోనే 1988లో ఫార్ములా మారుతి అనే ఒంటి సీటు రేస్ కారు తయారు చేశారు. అందరికీ ఒకే ఇంజన్ కాబట్టి నడిపే నేర్పు బయటపడుతుంది. కోయంబత్తూరు కుర్రవాడు నారాయణ్ కార్తికేయన్ రేసుల్లో మొదట దిగింది ఆ కారులోనే. 2005లో ఫార్ములా వన్‌కు వెళ్ళిన మొదటి భారతీయుడు అయ్యారు. ఆ ఏడు అమెరికా గ్రాండ్ ప్రీలో నాలుగో స్థానం, 5 పాయింట్లు. టైర్ల గొడవ వల్ల ఆ రోజు ఆరు కార్లే పరుగెత్తాయి, అది కూడా చెప్పాలి. అయినా పాయింట్లు పాయింట్లే.

కరివర్ధన్ గారు ఆ రోజు చూడలేదు. 1995లో విమాన ప్రమాదంలో పోయారు. చెట్టిపాళయంలో 2003లో తెరిచిన 2.1 కిలోమీటర్ల ట్రాక్‌కు ఆయన పేరే పెట్టారు, కరి మోటార్ స్పీడ్‌వే అని. చైన్లకు పేరుపడ్డ ఎల్.జి.బి. కంపెనీ కూడా ఆ ఊరిదే. 1937లో బస్సులు నడపడంతో మొదలై తరువాత రోలాన్ చైన్లు చేసింది, ఇంకా తరువాత తన పేరుతోనే ఫార్ములా రేస్ కార్లు కూడా వచ్చాయి. మన వీధిలో నిలబెట్టిన మోటార్ సైకిళ్ళలో కొన్నింటికి ఆ చైనే ఉంటుంది, చూడండి.

పేపర్లలో డ్రైవర్ల పేర్లే వస్తాయి. చక్రం మార్చి, చైన్ బిగువు చూసి, ఇంజన్‌ను ఒక వేలు ముందుకో వెనక్కో జరిపి బిగించే మనిషి పేరు ఎక్కడా రాదు. నా మట్టుకు ఈ చరిత్రలో సగం ఆయనదే. ఆయన చేతికి అంటిన ఒక లెక్క చెప్పి ఆపుతాను. ముందు చక్రంలో ఒక పన్ను తగ్గించి 12ను 11 చేస్తే రేషియో 7.27. అదే వెనక నుంచి తేవాలంటే 80ని 87 చేయాలి. అందుకే పెద్ద మార్పు కావాలంటే ముందు చక్రం, చిన్న సర్దుబాటు కావాలంటే వెనక చక్రం తీస్తారు.