సీసపు గొట్టాలు – సగం అతుకు

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. పాత యిల్లు బాగుచేయించి చూడు అని మేము ఇంకొక మాట చేర్చుతున్నాము. మా నాన్నగారు హుబ్బళ్ళిలో రైల్వే ఉద్యోగం చేస్తూ కొన్న యింటికి నిరుడు మరమ్మతు పెట్టినాము. తుప్పు పట్టిన కుళాయి గొట్టాన్ని చూపి మేస్త్రీ, "సగం మార్చి అతుకు వేస్తే చాలు సార్, ఖర్చు కలిసివస్తుంది" అన్నాడు. మాది ఇనుప గొట్టమే. అయినా ఆ 'సగం' అన్న మాట మనసులో మెదులుతూ ఉండగా నీళ్ళ గొట్టాల చరిత్ర కొంత చదివినాము. అందులో సీసపు గొట్టాల కథ పెద్దది.

సీసం మెత్తని లోహం. వంచితే వంగుతుంది, కొద్ది వేడికే కరుగుతుంది, ఇనుమువలె తుప్పు పట్టదు. రోమనులు తమ నగరాలలో నీటిని సీసపు గొట్టాలలో పారించినారు. లాటిను భాషలో సీసానికి 'ప్లంబం' అని పేరు. ప్లంబరు అన్న మాట అక్కడిదే. క్రీస్తు పూర్వం మొదటి శతాబ్దంలోనే విట్రూవియస్ అనే వాస్తుశిల్పి, సీసం పనివారి ముఖాలు పాలిపోవడం చూపి, మట్టి గొట్టాల నీరే ఆరోగ్యమని వ్రాసిపెట్టినాడు. విన్నవారెవరు? ఇరవయ్యవ శతాబ్దంలో షికాగో నగరం, వీధి నుండి చిన్న ఇండ్లకు సీసపు గొట్టమే వేయవలెనని శాసించినది. 1986లో అమెరికా శాసనసభ నిషేధించే దాకా ఆ నిబంధన నడిచినది.

మమ్మల్ని ఎక్కువగా ఆలోచింపజేసినది వాషింగ్టన్ నగరపు ముచ్చట. 2000 సంవత్సరంలో అక్కడ నీటిని శుద్ధిచేసే క్లోరిను మందు బదులు క్లోరమిను కలపసాగినారు. దానితో గొట్టాల లోపల ఏండ్ల తరబడి పేరుకొన్న పొర కరిగి, సీసం నీటిలోకి దిగినది. పసిపిల్లల మెదడుకు సీసం చెరుపు చేస్తుంది. నీళ్ళు కాచినంత మాత్రాన అది పోదు. గగ్గోలు పుట్టగా నగరంవారు గొట్టాలు మార్చబూనినారు. కాని వీధి నుండి సరిహద్దు వరకు వారిది, అక్కడి నుండి లోపలికి ఇంటివారిది! వారు తమ సగం రాగి గొట్టం వేసి, ఇంటివారి పాత సీసానికి అతికిపోయినారు. ఇంటివారిలో చాలమంది సొంత సొమ్ము పెట్టలేదు.

గొట్టాన్ని కోసినప్పటి కుదుపుకు లోపలి పొర రాలుతుంది. పైగా రాగీ సీసమూ తగిలిన చోట నీరు చేరితే, మా సిగ్నలు బ్యాటరీలో జరిగే పనే జరిగి, సీసం మరింత కరుగుతుంది. సగం మార్చిన ఇండ్లలోని పిల్లలకు ప్రమాదం తగ్గలేదని 2011లో వెలువడిన ప్రభుత్వ పరిశీలన తేల్చినది. అంత డబ్బూ మట్టిలో కలిసినట్లే గదా! 2024లో అమెరికా ప్రభుత్వం, పదేండ్లలో సీసపు గొట్టాలను దాదాపు అన్నిటినీ మొదలంటా మార్చవలెనని నిబంధన చేసినది.

మన దేశానికి ఇది పరాయి ముచ్చట అనుకోరాదు. తాగే నీటిలో సీసం లీటరుకు 0.01 మిల్లీగ్రాము మించరాదని మన ప్రమాణం. పి.వి.సి. గొట్టాలు గట్టిపడి నిలిచేందుకు సీసపు లవణాలు కలిపే వాడుక ఉండగా, దానిని అరికట్టుటకు కేంద్ర ప్రభుత్వం 2021లో నియమాలు చేసినది.

మా యింట గొట్టం చివరిదాకా మార్చినాము. దుకాణంలో "దీనిలో సీసం లేదు గదా?" అని మేము రెండుసార్లు అడిగితే మేస్త్రీ నవ్వినాడు. బిల్లు చూసి మా ఆవిడ మాత్రం నవ్వలేదు.