మిసిల్ ఎక్కడ దొరుకుతుంది?

గద్వాల రైతు తన తాతనాటి భూమి కాగితం వెతకాలంటే ముందు రాయచూరును గుర్తుచేసుకోవాలి. ఈ మాట చెప్తే ఇప్పటి పిల్లలు నమ్మరు. కానీ 1956 నవంబరు 1 దాకా గద్వాల, అలంపురం తాలూకాలు హైదరాబాద్ రాష్ట్రంలోని రాయచూరు జిల్లావే. రాష్ట్రాల పునర్విభజనలో రాయచూరు మైసూరు రాష్ట్రానికి పోయింది, ఈ రెండు తాలూకాలు మాత్రం ఆంధ్రప్రదేశ్‌కు వచ్చి మహబూబ్‌నగర్ జిల్లాలో కలిశాయి. తెలంగాణలో పట్టా తగాదా ఎక్కడ మొదలైనా చివరికి 1954-55లో రాసిన ఊరి భూముల లెక్క, ఖాస్రా పహాణీ దగ్గరికే వచ్చి ఆగుతుంది. ఆ పహాణీ రాసేనాటికి గద్వాల ఇంకా రాయచూరు జిల్లాలోనే ఉంది. ఇది తెలియక మహబూబ్‌నగర్ పేరు మీదే పాత కాగితాలు అడిగి, లేవనిపించుకుని తిరిగొచ్చినవాళ్లను చాలామందిని చూశాను.

నేను వనపర్తిలో వకీలు గుమాస్తాగా బతికినవాణ్ణి. దావా ప్రతులు రాయడం, కోర్టు ఫీజు స్టాంపులు అతికించడం, వాయిదాలు డైరీకి ఎక్కించడం రోజూ ఉండే పని. నాకు ఇష్టమైన పని మాత్రం నకలు తీయడం. ఎక్కడో మూటలో పడి ఉన్న మిసిల్, అంటే పాత కేసు కాగితాల కట్ట, బయటికి వచ్చి ఒక కుటుంబానికి రెండెకరాలు నిలబెడితే, ఆ పూట అన్నం రుచే వేరు. ఇన్నేళ్లలో నాకు అర్థమైంది ఒక్కటే. కాగితం వెతికేవాడు ముందు ఊరి చరిత్ర వెతకాలి. ఆ ఊరు ఏ ఏట ఎవరి ఏలుబడిలో ఉందో తెలిస్తే, కాగితం ఏ దారిన పోయిందో తెలుస్తుంది.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్, ఈ మా మూడు జిల్లాల్లో ఏలుబడి ఒక్కటి కాదు. గద్వాల, వనపర్తి, జటప్రోలు, గోపాలపేట, అమరచింత సంస్థానాలు. వీటి ప్రభువులు నిజాముకు పేష్కష్ (కప్పం) కట్టి, తమ ఊళ్లలో శిస్తు తామే వసూలు చేసుకునేవారు. నాగర్‌కర్నూల్ నేరుగా నిజాం దివానీ, అంటే సర్కారు ఏలుబడి. పక్కనే ఉన్న కొల్లాపూర్ జటప్రోలు ప్రభువుల రాజధాని. ఇవాళ రెండూ ఒకే జిల్లా. 1940లో కొల్లాపూర్ రైతు శిస్తు కట్టింది సంస్థానానికి, నాగర్‌కర్నూల్ రైతు కట్టింది సర్కారుకు. ఇద్దరి కాగితాలూ ఒకే బీరువాలో ఉండాలనుకుంటే ఎట్లా?

1949 ఆగస్టులో జాగీర్ల రద్దు రెగ్యులేషన్ వచ్చింది. గద్వాలలో మహారాణి ఆదిలక్ష్మీ దేవమ్మ, వనపర్తిలో రాజా రామేశ్వరరావు ఏలుబడి దాంతో ముగిసింది. సంస్థానాల ఊళ్లు తాలూకాల్లో కలిశాయి. వనపర్తి రాజభవనంలో ఇవాళ పాలిటెక్నిక్ నడుస్తోంది. గోడలు నిలబడ్డాయి గానీ, ఆ గోడల మధ్య నడిచిన కచేరీ కాగితాలన్నీ ఒక చోటికి చేరలేదు. అందుకే 1949కి ముందటి వ్యవహారం తవ్వాల్సి వస్తే తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్ కార్యాలయం దాకా వెళ్లమంటాను. షాజహాను, ఔరంగజేబు కాలపు ఫర్మానాలు కూడా దాచిన చోటు అది.

కాగితం దొరికినా దాన్ని చదవడం ఇంకో పని. నిజాం సర్కారు 1884లో ఫారసీ మాని ఉర్దూకు మారింది. తేదీలు ఫసలీ లెక్కలో ఉంటాయి. ఇంగ్లీషు సంవత్సరం కావాలంటే ఆ ఏడాదికి 590 కలుపుకోవాలి. నిజాం కాలపు ఫసలీ సంవత్సరం అక్టోబరులో మొదలయ్యేది కాబట్టి, జనవరి నుంచి 591. జాగీర్ల రద్దు రెగ్యులేషన్ మీద 1358 ఫసలీ అని ఉంటుంది. 591 కలిపి చూడండి, 1949 సరిగ్గా వస్తుంది. భూమిశిస్తు చట్టం 1317 ఫసలీ, అంటే 1907-08.

నాకు ఉర్దూ రికార్డు చదవడం నేర్పింది ఒక ముసలి మున్షీ సాబ్. ఆయన వేలితో గీత గీత చూపించేవారు. ఒక చుక్క ఉంటే బుల్లయ్య, మూడు చుక్కలుంటే పుల్లయ్య. రాసినవాడు తొందరలో చుక్కలు ఎగరగొడితే ఇద్దరూ ఒక్కటే అవుతారు. అందుకే పేరు చూసి నమ్మొద్దు, తండ్రి పేరు చూడు, సర్వే నంబరు చూడు, విస్తీర్ణం గుంటలతో సహా కలుపు అనేవారు. నలభై గుంటలు ఒక ఎకరం. పేరు తప్పినా గుంటలు తప్పవని ఆయన నమ్మకం. నాకూ అది చాలాసార్లు నిజమైంది.

"సారూ, మా తాత పేరు మీద పట్టా ఉండె. గిప్పుడు ఆన్‌లైన్ల లేదంటుండ్రు" అని వచ్చేవాళ్లే ఎక్కువ.

"తాత పేరు తర్వాత చెబుదువు గానీ, సర్వే నంబరెంత? అప్పట్ల మీ ఊరు ఏ తాలూకా?" అని అడుగుతాను.

సర్వే నాటి రిజిస్టర్ అయిన సేత్వార్ తీస్తే మొదటి పట్టాదారు ఎవరో తెలుస్తుంది. ఖాస్రా పహాణీ, ఆ తర్వాతి సేసాల పహాణీ, ఏటేటి పహాణీలు వరుసగా పెట్టి చూస్తే పేరు ఏ ఏట మారిందో బయటపడుతుంది. 1950 కౌలుదారీ చట్టం కింద రక్షిత కౌలుదారుల రిజిస్టర్ వేరే ఉంది, దాన్ని మరవొద్దు. ఇనాం భూమి అయితే 1955 ఇనాముల రద్దు చట్టం కింద ఆర్డీవో ఇచ్చే ఓఆర్సీ (అనుభవ హక్కు పత్రం) ఉందా అని చూడాలి.

పహాణీలో నన్ను బాధపెట్టే కాలమ్ అనుభవదారుది. పాలమూరు (మహబూబ్‌నగర్) లేబర్ అని దేశమంతా పేరు పడ్డ జనం మావాళ్లు. ఆనకట్టలకూ కాలువలకూ మట్టిపనికి మేస్త్రీ వెంట కుటుంబాలకు కుటుంబాలే వెళ్లిపోయేవి. వాళ్లు ఊళ్లో లేని ఏడాది పట్వారీ పక్కవాడి పేరు అనుభవంలో రాస్తే, తిరిగొచ్చినవాడికి ఆ సంగతే తెలియదు. మనవడి కాలంలో అది దావా అవుతుంది. అమ్మకాలు కూడా తెల్లకాగితం మీద సాదా బైనామాలే. వాటిని క్రమబద్ధం చేస్తామని 2016లోనూ 2020లోనూ దరఖాస్తులు తీసుకున్నారు.

కాగితాలు చెల్లాచెదురు కావడానికి మరో కారణం, ఆఫీసులు మళ్లీ మళ్లీ ముక్కలవడం. 1984 జనవరిలో పటేల్ పట్వారీ వ్యవస్థ రద్దయింది. పట్వారీల ఇళ్లలో సందుగుల్లో ఉన్న లెక్కలు అన్ని ఊళ్లలోనూ పూర్తిగా అప్పగించలేదు. 1985లో తాలూకాలు పోయి మండలాలొచ్చాయి, రికార్డు మండలాల వారీగా చీలింది. 2016 అక్టోబరు 11న జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాలయ్యాయి. 2022 జూన్ 2న జిల్లా కోర్టులూ అదే లెక్కన ఏర్పడ్డాయి. మహబూబ్‌నగర్‌లో తేలిన పాత అప్పీలు తీర్పు కావాలంటే, అది అక్కడి రికార్డు గదిలోనే ఉందా, కొత్త జిల్లాకు బదిలీ అయిందా అని ముందు కనుక్కోవాలి. తీర్పు, డిక్రీ శాశ్వతంగా దాచాలి. మిగతా కాగితాలను గడువు తీరాక తీసేస్తారు. కాబట్టి సాక్షి వాంగ్మూలం దొరకకపోయినా డిక్రీ మీద ఆశ వదులుకోవద్దు. ఓఎస్ (దావా) నంబరు, సంవత్సరం తెలియకపోతే సూట్ రిజిస్టర్ వెతికించమని దరఖాస్తు పెట్టండి.

కృష్ణ ఒడ్డువాళ్ల కష్టం ఇంకా పెద్దది. శ్రీశైలం జలాశయంలో కొల్లాపూర్, అలంపురం వైపు ఊళ్లు మునిగాయి. 1986లో ముంపు కుటుంబాలకు ఉద్యోగాలిస్తూ జీవో 98 వచ్చింది. దాని కోసం పరిహారం అవార్డు నకలు పట్టుకుని తిరిగి తిరిగి వయసు మీరిపోయినవాళ్లు నాకు తెలుసు. ఊరే లేనప్పుడు పంచనామా ఎక్కడ చేస్తారు? వాళ్లకు మిగిలింది ఆ కాగితమే.

భూమి రికార్డులు ఆన్‌లైన్‌లో చూపించడానికి 2020లో ధరణి వచ్చింది, 2025లో భూభారతి వచ్చింది. కంప్యూటర్‌లో చూపించడం మంచిదే. కానీ కంప్యూటర్‌కు ఎక్కింది చివరి పేరు, దాని వెనకున్న డెబ్బై ఏళ్ల కథ పాత పుస్తకాల్లోనే ఉంది. ధరణిలో అనుభవదారు కాలమే లేకుండా పోయింది. తప్పు దిద్దాల్సి వచ్చిన ప్రతిసారీ అధికారులైనా కోర్టులైనా ఆ పుస్తకమే తెమ్మంటారు.

ఉర్దూ మిసిల్ చదవగలిగిన చేతులు మా మూడు జిల్లాల్లో ఏటేటా తగ్గిపోతున్నాయి. మున్షీ సాబ్ లాంటివాళ్లు ఇప్పుడు కోర్టు ఆవరణల్లో కనబడరు. ప్రభుత్వం వెంటనే చేయాల్సిన పని, ఖాస్రా పహాణీలకూ సేత్వార్లకూ ఊరివారీగా తెలుగు సూచిక తయారు చేయించడం, ప్రతి జిల్లా రికార్డు గదిలో ఉర్దూ వచ్చిన ఒకరిని కూర్చోబెట్టడం. మీరు చేయాల్సింది కూడా ఉంది. ఇంట్లో పెద్దవాళ్లుంటే ఈ వారమే అడిగి పాత తాలూకా పేరు, సర్వే నంబరు, తాత తండ్రి పేరు ఒక నోటుబుక్కులో రాసిపెట్టుకోండి. పాత శిస్తు రసీదు ఒక్కటి కనబడినా పారేయకండి, దాని మీద ఫసలీ తేదీ ఉంటుంది.