మూత్రపిండముల తొలి హెచ్చరిక

1940–41లో లండనుపై బాంబులు కురిసినపుడు, శిథిలముల క్రింద నలిగిన కొందరిని సజీవులుగా వెలికితీసిరి. గండము గడచినదనుకొనిరి. కాని కొలది దినములలోనే మూత్రము తగ్గి, వారిలో పలువురు మరణించిరి. నలిగినది కాలు, చెడినది మూత్రపిండము! బైవాటర్స్, బీల్ అను వైద్యులు 1941లో దీనిని వర్ణించిరి.

ఇట్టి ఆపదను గుర్తించుటకు వైద్యులు చిరకాలముగా రక్తములోని క్రియాటినిన్‌ను కొలుచుచున్నారు. ఆ కొలతకు 1886లో జాఫే కనుగొన్న రసాయనచర్య పునాది. అయితే మూత్రపిండము దెబ్బతిన్న ఒకటి మొదలు మూడు దినములకు గాని అది హెచ్చినట్లు తెలియదు. దానికై వేచియుండుట ఇల్లంటుకొన్న పిదప బావి త్రవ్వుట వంటిదే.

అమెరికాలోని సిన్సినాటిలో గుండె శస్త్రచికిత్స పొందిన 71 మంది పిల్లలపై జరిగిన పరిశోధన 2005లో వెలువడినది. పిదప మూత్రపిండములు దెబ్బతిన్నట్లు తేలిన 20 మందిలో, ఎన్‌గాల్ అను ప్రోటీను రెండు గంటలలోనే మూత్రమున హెచ్చినది.

పరీక్ష చికిత్స కాదు. కాని హానిచేయు మందులను మాన్పుటకు వ్యవధి నిచ్చును. లండను క్షతగాత్రులకు ఆనాడు కరవైనది ఆ వ్యవధియే.