ఇంగ్లండ్ పల్లెపదాలకు పటం గీసిన చరిత్ర

ఆవులను కట్టేసే కొట్టాన్ని ఇంగ్లండ్ ఉత్తర సరిహద్దు మండలాల రైతులు బైర్ అని, లాంకషైర్, చెషైర్ ప్రాంతాల వారు షిప్పన్ అని, పశ్చిమ యార్క్‌షైర్ వారు మిస్టల్ అని, తూర్పు ఆంగ్లియా పల్లెల వారు నీట్‌హౌస్ అని పిలిచేవారు. వైశాల్యంలో నేటి ఆంధ్రప్రదేశ్ కంటే చిన్నదైన ఆ దేశంలో, పాఠశాల పుస్తకాలన్నీ ఒకే ఇంగ్లిషులో అచ్చవుతున్న కాలంలో కూడా, నిత్యజీవితపు పదజాలం ఇంతగా వేరుపడి ఉండేదన్న సంగతి పండితలోకానికి చాలా ఆలస్యంగా, అదీ ఒక భయం వల్ల తెలిసింది. ఆ మాటలు త్వరలోనే అంతరించిపోతాయన్న భయమే వాటి సేకరణకు పురికొల్పింది; ఎవరి మాటలను సేకరించాలో, ఎవరివి వదిలేయవచ్చునో నిర్ణయించింది కూడా అదే.

ఈ పనికి తొలి ఆనవాలు 1674లో కనిపిస్తుంది. మొక్కల పరిశీలన కోసం దేశమంతా తిరిగిన ప్రకృతి శాస్త్రజ్ఞుడు జాన్ రే, దారిలో విన్న వింతమాటలను ఉత్తరాదివి ఒకవైపు, దక్షిణ, తూర్పు ప్రాంతాలవి మరొకవైపు పెట్టి ఒక చిన్న పుస్తకంగా ప్రచురించాడు. ఆ తర్వాత రెండు శతాబ్దాల పాటు పదాల జాబితాలు విడివిడిగా వస్తూనే ఉన్నా, వాటన్నిటినీ ఒకచోట చేర్చాలన్న సంకల్పం 1870 నాటి ప్రాథమిక విద్యాచట్టం తర్వాతే బలపడింది. పల్లెపల్లెకూ బడి వస్తే పల్లెమాట పోతుందని తలచిన పండితులు, కేంబ్రిడ్జికి చెందిన వాల్టర్ స్కీట్ చొరవతో, 1873లో ఇంగ్లిషు మాండలిక సంఘాన్ని స్థాపించారు. మాండలికం అంటే ఒక ప్రాంతం వారు లేదా ఒక వర్గం వారు మాట్లాడే భాషారూపం అని తప్ప, చెడిపోయిన భాష అని అర్థం కాదు. ఆ కాలపు ఉపాధ్యాయులలో చాలామందికి మాత్రం ఈ భేదం పట్టలేదు.

సంఘం పోగుచేసిన చీటీల రాశిని నిఘంటువుగా మలిచే బాధ్యత జోసెఫ్ రైట్‌కు దక్కింది. ఆ పనికి ఆయనను మించిన అర్హుడు దొరకడం కష్టం. 1855లో బ్రాడ్‌ఫర్డ్ సమీపంలో పుట్టి, ఆరేళ్ల వయసులో రాతిగనిలో గాడిదబండి తోలి, తర్వాత ఉన్నిమిల్లులో కూలికి చేరిన ఆ బాలుడికి పదిహేనేళ్లు వచ్చేదాకా చదవడం రాదు. అటువంటివాడు రాత్రిబడుల్లో చదువుకుని, జర్మనీలోని హైడల్‌బర్గ్‌లో డాక్టరేట్ పొంది, చివరకు ఆక్స్‌ఫర్డ్‌లో తులనాత్మక భాషాశాస్త్ర ఆచార్యుడయ్యాడు. పల్లెమాట ఆయనకు పరిశోధనకు దొరికిన వస్తువు మాత్రమే కాదు, తల్లి ఒడిలో నేర్చిన భాష. ప్రచురణ భారాన్ని చాలావరకు తానే మోస్తూ, చందాదారుల సాయంతో 1898 నుంచి 1905 వరకు ఆయన వెలువరించిన ఆరు సంపుటాల నిఘంటువులో సుమారు 70,000 పదాలున్నాయి. అయితే అందులోని సమాచారం అంతకుముందు అచ్చయిన పదకోశాల నుంచి, వందలాది స్వచ్ఛంద సేవకుల ఉత్తరాల నుంచి వచ్చినది కావడం వల్ల, ఒక పదం ఫలానా జిల్లాలో ఉందని అది చెప్పగలదే గాని, ఏ ఊరి దగ్గర ఆగిపోయి మరో పదానికి చోటిచ్చిందో చెప్పలేదు.

ఆ లోటు తీర్చిన ప్రయత్నం 1950లో క్షేత్రస్థాయిలో మొదలైంది. డరమ్ జిల్లాలో పుట్టి లీడ్స్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడైన హెరాల్డ్ ఆర్టన్, జ్యూరిక్ విశ్వవిద్యాలయానికి చెందిన ఆయిగెన్ డీట్ కలిసి 1,300కు పైగా ప్రశ్నలతో ఒక ప్రశ్నావళిని తయారుచేశారు. వ్యవసాయ క్షేత్రంతో ఆరంభమై, పశువులు, ఇల్లు, శరీరం, వాతావరణం వంటి విషయాల మీదుగా సాగే ఆ ప్రశ్నలలో ఒక నియమం ఉంది: ప్రశ్న అడిగేవాడు తనకు కావలసిన పదాన్ని తన నోట పలకకూడదు. వస్తువును చూపించో, దాని పనిని వర్ణించో, ఖాళీ వదిలిన వాక్యాన్ని పూర్తిచేయించో ఎదుటివారి నోటనే పదం రాబట్టాలి, ఎందుకంటే చదువుకున్న అతిథి పలికిన మాటకు మర్యాద కోసం తలూపడం పల్లెల్లో సహజం. 1961 వరకు సాగిన ఈ పరిశీలన 313 స్థలాలను చుట్టింది. సర్వేక్షకులలో ఎక్కువ ఊళ్లు తిరిగిన స్టాన్లీ ఎల్లిస్ ఒక కారవాన్‌లో, అంటే వాహనానికి తగిలించుకుని వెళ్లే బండి ఇంట్లో, బసచేస్తూ పనిచేశాడు. ఆయన చెవి ఎంత పదునైనదంటే, 1979లో యార్క్‌షైర్ హత్యల దర్యాప్తులో పోలీసులకు అందిన ఒక బూటకపు టేపును విని, ఆ గొంతు సండర్లాండ్ పట్టణంలోని ఫలానా పేట వైపుదని చెప్పగలిగాడు. పాతికేళ్లకు పైగా గడిచాక దొరికిన, ఆ టేపు పంపినవాడు ఆ చుట్టుపక్కల వాడే.

సేకరించిన జవాబులను పటాలపైకి ఎక్కించినప్పుడు వెయ్యేళ్ల నాటి చరిత్ర బయటపడింది. చిన్న వాగుకు నార్తంబర్లండ్, డరమ్ జిల్లాలలో బర్న్ అనీ, యార్క్‌షైర్, కంబర్లండ్, లింకన్‌షైర్‌లలో బెక్ అనీ, మధ్య ప్రాంతాలలో బ్రుక్ అనీ పేర్లున్నాయి. వీటిలో బెక్ తొమ్మిదో శతాబ్దంలో స్కాండినేవియా నుంచి దండెత్తి వచ్చి స్థిరపడిన వారి భాష నుంచి వచ్చింది; ఆడుకోవడం అనే అర్థంలో ఉత్తరాదివారు వాడే లేక్ అనే మాట కూడా అదే మూలానిది. ఆ వలసదారులైన డేన్‌ల చట్టం చెల్లిన భూభాగం రాజకీయంగా ఎన్నడో మాసిపోయినా, పశువుల కాపరుల నోట మాత్రం దాని ఎల్లలు ఇరవయ్యో శతాబ్దం నడిమి వరకు నిలిచాయి. శరదృతువుకు ఇంగ్లండ్ పల్లెల్లో అక్కడక్కడ ఫాల్ అనే మాటే వినిపించడం మరో విశేషం. అమెరికావారి సొంతమనుకునే ఈ పదం పుట్టింటిని పూర్తిగా విడిచిపోలేదు.

ఈ పటాలు ఎవరి భాషను చూపుతున్నాయన్నది అసలు ప్రశ్న. ఆర్టన్ బృందం వీలైనంతవరకు అరవై దాటిన, ఊరు విడిచిపోని, పలువరుస చెక్కుచెదరని రైతుకూలీలనే ఎంచుకుంది. స్త్రీలు కొత్తవారి ముందు నాగరికంగా మాట్లాడతారన్న నమ్మకంతో పురుషులకే పెద్దపీట వేసింది. జనాభాలో అధికభాగం అప్పటికే నివసిస్తున్న పట్టణాలను దాదాపు వదిలేసింది. వ్యవసాయంతో మొదలుపెట్టడంలో తప్పేమీ లేదు. ఇంచుమించు అదే కాలంలో తెలుగు భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి జిల్లాలవారీగా సేకరించి 1962లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ ద్వారా వెలువరించిన మాండలిక వృత్తిపదకోశపు తొలి సంపుటం కూడా వ్యవసాయ పదాలదే. కాని అక్కడ ఒక వృత్తి పదజాలమే ప్రకటిత లక్ష్యం. ఇంగ్లండ్‌లో ఒక తరం, ఒక వర్గం మాట్లాడే భాష ప్రాంతమంతటి భాషగా లెక్కకెక్కింది.

ఆ తూకంలోని లోపం అయోనా, పీటర్ ఓపీ దంపతులు పాఠశాల పిల్లల నుంచి సేకరించి 1959లో ప్రచురించిన గ్రంథంతో తేటతెల్లమైంది. ఆట మధ్యలో తెలుగు పిల్లలు టైం ప్లీజ్ అని అరిచే చోట, లండన్ పిల్లలు ఫేనైట్స్ అనీ, తూర్పు జిల్లాలవారు కింగ్స్ అనీ, డరమ్‌వారు స్కించ్ అనీ, వాయవ్యంలోనూ స్కాట్లండ్ పల్లపు ప్రాంతాల్లోనూ బార్లీ అనీ అరిచేవారు. ఏ పుస్తకమూ నేర్పని, ఏ ఉపాధ్యాయుడూ పట్టించుకోని ఈ మాటలు బడి ఆవరణలోనే పెద్దపిల్లల నుంచి చిన్నపిల్లలకు సంక్రమిస్తూ, కొన్ని శతాబ్దాల వయసుతో బతికి ఉన్నాయి. బడి వస్తే మాండలికం చస్తుందన్న 1873 నాటి అంచనాకు ఇంతకంటే గట్టి జవాబు ఉండదు.

2016లో కేంబ్రిడ్జి, జ్యూరిక్, బెర్న్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు మొబైల్ యాప్ ద్వారా 30,000కు పైగా జనం నుంచి ఆర్టన్ ప్రశ్నలలో కొన్నిటికి మళ్లీ జవాబులు రాబట్టారు. ఉత్తరాదిన శరదృతువును సూచించిన బ్యాకెండ్ దాదాపు కనుమరుగైందనీ, వేలిలో గుచ్చుకున్న పుల్లముక్కను తెలిపే స్పెల్క్ మాత్రం న్యూకాసిల్, సండర్లాండ్‌లలో నిలదొక్కుకుందనీ తేలింది. మాండలికాలు కరిగిపోతున్నాయని పత్రికలు రాసినా, పొలంలో పుట్టి పెరిగిన వృద్ధుల జవాబులను చేతిఫోను వాడే పట్టణవాసుల జవాబులతో పోల్చి తీసిన లెక్క అది. ఆవుల కొట్టమే చూడని కుటుంబాలలో షిప్పన్ అనే మాట లేకపోవడం వింత కాదు. అదే కుటుంబాలు చిన్న గుండ్రటి రొట్టెను నాటింగ్‌హామ్‌లో కాబ్ అనీ, కవెంట్రీలో బ్యాచ్ అనీ, మాంచెస్టర్‌లో బార్మ్ అనీ అడిగి కొనుక్కుంటున్నాయి.