పదహారు వరసల రోడ్డుకి అడ్డం నిలిచినావిడ

మా ఊరు జూలూరుపాడుకి ఫోన్ చేసినప్పుడల్లా మా బాబాయ్ అడిగేది అరుణా మిల్లర్ గారి గురించే. హైదరాబాదులో పుట్టిన కాట్రగడ్డ వారి అమ్మాయి 2023 జనవరిలో అమెరికాలో మేముండే మేరీలాండ్ రాష్ట్రానికి లెఫ్టినెంట్ గవర్నర్ అయ్యారని మన సెంటర్లో టీ తాగేవాళ్ళకి కూడా తెలుసు. రాజకీయాల్లోకి రాకముందు ఆవిడ రోడ్ల ఇంజనీరు. "బాబాయ్, రోడ్ల పని చేసి వచ్చినావిడ సంగతి నీకు తెలుసు. రోడ్డుని ఆపి వచ్చినావిడ సంగతి చెప్తా విను" అని మొన్న గంటసేపు చెప్పాను.

ఆవిడ బార్బరా మికుల్‌స్కి. 1936లో బాల్టిమోర్‌లో, పోలండ్ నుంచి వలస వచ్చిన వాళ్ళ కుటుంబంలో పుట్టారు. అమ్మానాన్నలది కిరాణా కొట్టు. కదల్లేని ముసలివాళ్ళ ఇళ్ళకి సరుకులు మోసుకెళ్ళిన పిల్ల. 1965లో మేరీలాండ్ విశ్వవిద్యాలయంలో సోషల్ వర్క్ చదువు ముగించారు. క్యాథలిక్ చారిటీస్‌లోనూ, నగర సంక్షేమ శాఖలోనూ పనిచేశారు. మన అంగన్‌వాడీ టీచరు, ఆశా కార్యకర్త, పింఛన్ల గుమాస్తా ముగ్గురూ ఒక్కరైతే ఎలా ఉంటుందో ఆ ఉద్యోగం కొంచెం అలాంటిదే. ఏ ఇంట్లో పొయ్యి వెలగలేదో తెలిసిపోతుంది.

ఇక రోడ్డు సంగతి. 1956లో ఐసెన్‌హోవర్ హయాంలో హైవేల చట్టం వచ్చింది. అంతర్‌రాష్ట్ర రహదారి ఖర్చులో నూటికి 90 కేంద్రమే ఇస్తానంది. అంత సొమ్ము వస్తుంటే ఏ నగరం వద్దంటుంది? బాల్టిమోర్ పెద్దలు ఊరి నడిబొడ్డు మీదుగా గీతలు గీయించారు. ఒక గీత తూర్పున ఫెల్స్ పాయింట్, కాంటన్ పేటల మీద పడింది.

ఫెల్స్ పాయింట్‌ పాత ఓడరేవు పేట, ఆదివారాలు అక్కడ నడుస్తుంటాను. ఒకదాన్నొకటి ఆనుకున్న ఇటుక ఇళ్ళు. గడపలోంచి నేరుగా వీధిలోకి దిగే మెట్లు, వాటిలో కొన్ని తెల్ల పాలరాయివి. ఒకసారి ఒక పెద్దావిడ మోకాళ్ళ మీద కూర్చుని, పక్కన బకెట్టు పెట్టుకుని, బ్రష్షుతో మెట్టు తోముతోంది. అంచుల్లో నల్లగా పేరుకున్న మురికిని గోటితో గీకి తీసింది. తెల్లారగట్ల కళ్ళాపి చల్లి ముగ్గేసేటప్పుడు మా అమ్మ నడుం అలాగే వంగేది. ఆ మెట్టు ఆ ఇంటి పరువు. అలాంటి పేటల మీదుగా 16 వరసల రోడ్డు పోవాలని కాగితం మీద ఉంది.

ఆ గడపలన్నీ ఎరిగిన మనిషి కనక మికుల్‌స్కి ఊరుకోలేకపోయారు. రేవు కూలీలనీ, ఫ్యాక్టరీ కార్మికులనీ, చర్చిలకి వచ్చే ఆడవాళ్ళనీ కలిపి "స్కార్" అనే సంఘం కట్టడంలో ముందు నిలిచారు. రోడ్డు వద్దనే ఆగ్నేయ బాల్టిమోర్ మండలి అది. ఇంకోపక్క పాత కట్టడాల మీద ప్రేమ ఉన్నవాళ్ళు పాటుపడితే 1969లో ఫెల్స్ పాయింట్ జాతీయ చారిత్రక స్థలాల జాబితాకి ఎక్కింది. దాంతో కేంద్రం డబ్బుతో కూల్చడం అంత సులువు కాకుండా పోయింది. 1971లో మికుల్‌స్కి గడపగడపకీ తిరిగి, పాత పార్టీ పెద్దల్ని ఎదిరించి, నగర కౌన్సిల్‌కి గెలిచారు. అర్జీ రాసిచ్చే మనిషి అర్జీ చూసే చోటికి చేరారు. చివరికి ఐ-95 హైవే రేవు నీళ్ళ అడుగున, 1985లో తెరిచిన ఫోర్ట్ మెక్‌హెన్రీ సొరంగంలోంచి పోయింది. ఐ-83 ఇవాళ్టికీ ఫెల్స్ పాయింట్ దాకా రాకుండా డౌన్‌టౌన్‌లోనే ఆగిపోతుంది.

ఆ తర్వాత 1976లో ప్రతినిధుల సభకీ, 1986లో సెనేట్‌కీ గెలిచి 2017 దాకా ఉన్నారు. అంత ఎదిగాక కూడా తాను సోషల్ వర్కర్‌నేనని చెప్పుకునేవారు. భర్తనో భార్యనో వృద్ధాశ్రమంలో చేర్పించిన ఖర్చుకి, ఇంట్లో మిగిలిన రెండో మనిషి పూర్తిగా చితికిపోకుండా 1988లో చట్టం తేవడానికి పట్టుబట్టింది ఆవిడే. నాకు మటుకు అన్నిటికన్నా ఇదే పెద్ద పని అనిపిస్తుంది.

ఈ కథ ఇక్కడ ఆపితే మన ఊరివాళ్ళకి అబద్ధం చెప్పినట్టే. అదే నగరంలో పడమటి వైపు నల్లజాతి వాళ్ళ పేటలున్నాయి. ఎవరు ఏ వీధిలో ఉండాలో రంగును బట్టి తేల్చే చట్టం బాల్టిమోర్ 1910లోనే చేసింది. 1917లో సుప్రీంకోర్టు అలాంటి చట్టాలు చెల్లవంది. అయినా ఆ పేటలకి బ్యాంకులు అప్పివ్వకపోవడం, ఇళ్ళు పాతబడిపోవడం ఆగలేదు. ఆ తర్వాత అవే పాత ఇళ్ళని చూపించి కూల్చేయొచ్చన్నారు. పడమటి వాళ్ళూ సంఘాలు కట్టారు, సరైన పరిహారం కోసం కొట్లాడారు. తెల్లవాళ్ళ పేటలతో కలిసి కూడా నడిచారు. అయినా ఫ్రాంక్లిన్, మల్బరీ వీధుల మధ్య వందల ఇళ్ళు నేలమట్టమయ్యాయి. రెండు కిలోమీటర్లకి కాస్త పైన రోడ్డు వేశాక మిగతా పథకం ఆగిపోయింది. ఎక్కడికీ పోని హైవే అని జనం దానికి పేరు పెట్టుకున్నారు. పైనున్న వంతెన మీద నిలబడి చూశాను. అటూ ఇటూ కాంక్రీటు గోడలు, మధ్యలో లోతైన కందకం. ఒకప్పుడు ఎదురుబొదురుగా ఉన్న ఇరుగుపొరుగు ఇప్పుడు ఆ గొయ్యికి ఇటూ అటూ ఉన్నారు.

పోడు హక్కుల దరఖాస్తు గ్రామసభ దగ్గరే మొదలవ్వాలని 2006 చట్టం చెప్పినా, పట్టా కోసం ఆఫీసుల చుట్టూ ఏళ్ళ తరబడి తిరిగిన మనిషి మా బాబాయ్. కౌన్సిల్ గురించీ సెనేట్ గురించీ ఏమీ అడగలేదు. కాసేపు ఫోన్‌లో గాలి చప్పుడే వినిపించింది.

"మరి ఆ పడమటోళ్ళకి ఇళ్ళు మళ్ళీ అక్కడే కట్టించారా అమ్మాయ్?"

లేదు బాబాయ్ అన్నాను.