చింతపల్లి మన్యమున గృహక్రయవిక్రయములు

“ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు” అని మన పెద్దలు చెప్పిరి. ఈ సామెతయం దొక విశేషము కలదు. కట్టుటలోని కష్టమును వారెరుగుదురు. పెండ్లిలోని వ్యయమును నెరుగుదురు. కాని యిల్లు కొనుటను గూర్చిగాని అమ్ముటను గూర్చిగాని యొక్క మాటయైన ననలేదు. తాత కట్టిన యింట మనుమడు కాపురముండుటయే లోకమర్యాదగాని, దానిని సంతలో నిలిపి బేరమాడుట మర్యాద గాదని వారి తలంపు కాబోలు. నేడట్లు కాదు. పట్టణమున నున్న సామాన్య కుటుంబమునకు ఇల్లు కొనుట జన్మమంతటిలోను పెద్ద బేరము; ఇల్లమ్ముట అంతకంటె పెద్ద యలజడి. దళారి మాటలు, బయానా పైకము, పూర్వపు దస్తావేజుల పరిశీలన, బ్యాంకు అప్పు, రిజిస్ట్రారు కచేరిలో పడిగాపులు - వీని నెరుగని గృహిణి యరుదు.

ఈ బాధ మనకే ప్రత్యేకమని తలపరాదు. స్కాట్లండు దేశమున 1617వ సంవత్సరము నుండియే భూమిహక్కులను నమోదుచేయు బహిరంగ రిజిస్టరు కలదు. 2008 డిసెంబరు మొదలు, ఇల్లమ్మదలచినవాడు సామాన్యముగా దాని స్థితిని గూర్చి నిపుణుని నివేదికను ముందే సిద్ధపరచి కొనగోరువారికి చూపవలయును. ఇంత యేర్పాటున్నను, కొనగోరువారు పెక్కురైనప్పుడు ఒకరి ధర యింకొకరికి తెలియకుండ న్యాయవాదుల ద్వారా పంపవలసి యుండును. ఉభయుల లేఖలును ముగిసి యొడంబడిక పూర్తియగువరకు ఎవ్వరైనను వెనుదీయవచ్చును. అంతవరకు కొనువానికిని అమ్మువానికిని కంటికి కునుకుండదు. కాగితములెంత క్రమముగ నున్నను ఈ భయమేల తీరదు? ఇల్లనునది తలదాచుకొను నీడయు, వెలకట్టి యమ్ము సరకును గూడ నగుటయే దీనికి కారణము. నీడను పోగొట్టుకొందుమేమో యను భయమును, సరకులో మోసపోవుదుమేమో యను భయమును ఒక్కచోటనే చేరును.

ఇల్లు సరకు గాని చోటికి ఈ క్రయవిక్రయముల వాడుక యెక్కిపోయినప్పు డేమి జరిగెను? దీనికి చింతపల్లి మన్యపు చరిత్రము చక్కని యుదాహరణము.

నర్సీపట్నము నుండి ఘాటురోడ్డున లంబసింగి మీదుగా బోయినచో చింతపల్లి చేరుదుము. పూర్వము విశాఖపట్టణము జిల్లాలోనిదై, 2022 ఏప్రిలు 4వ తేదీ నుండి అల్లూరి సీతారామరాజు జిల్లాలో నున్నది. భగతలు, కొండదొరలు, కొండకమ్మరులు, వాల్మీకులు, కోందులు మున్నగువా రిచ్చటి నివాసులు. వెదురు, కలప, గడ్డి యడవియే యిచ్చెడిది. మట్టి పెరటిలోనే దొరకెడిది. కూలి యనునది లేక యిరుగుపొరుగువారే చేయి కలిపెడివారు. పోడు సేద్యమున ఒక కొండవాలును కొన్నియేండ్లు సాగుచేసి, దానిని బీడు వదలి, వేరొక వాలునకు బోయి, తిరిగి తొలిదానికి వచ్చుట ఆచారము. కావున ఇల్లును నేలయు వారికి విలువగలవియే గాని, వెలగలవి కావు.

ఈ కొండలపై మొదటి పెద్ద యమ్మకము కొండవాండ్రు చేసినది గాదు. గూడెము కొండలు గొలుగొండ జమీందారికి జేరియుండెను. ప్రభుత్వమునకు జెల్లవలసిన పేష్కషు నిలిచిపోగా, 1837లో ఆ జమీని వేలము వేసిరి. ప్రభుత్వమువారే దానిని కొనిరి. కొండలు, అడవులు, గ్రామములు, వానిలోని గుడిసెలు - అన్నియు నొక్క పాటతో చేతులు మారెను. ఆనాడు గుడిసెలోని తల్లికి తన పొయ్యిక్రింది నేల యమ్ముడుపోయిన సంగతి తెలిసియుండునా? 1845 మొదలు 1848 వరకు ఆ కొండలలో రేగిన తిరుగుబాటును తలచినచో, సమ్మతి లేని యమ్మకము శాంతిని దేజాలదని తెలియగలదు.

వేలమునకును తిరుగుబాటునకును నడుమ 1839లో నొక శాసనము వచ్చెను. గంజాము, విశాఖపట్టణము జిల్లాల కల్లోలముల నణచుటకై వచ్చిన జార్జి రస్సెలు దొర సలహాపై ఆ సంవత్సరపు 24వ యాక్టు పుట్టినది. కొండప్రాంతములపై మామూలు కోర్టుల యధికారము తొలగి, కలెక్టరు గవర్నరుకు ఏజెంటుగ నియమింపబడెను. ఏజెన్సీ యను పేరు నాటినుండియే నిలిచినది. కాని యీ శాసనము పరిపాలనకు సంబంధించినదే గాని, ఆదివాసి నేలను గాపాడుటకై పుట్టినది గాదు. భూమి చేతులు మారుటను గూర్చి యది పలుకలేదు.

ఆ సందున షావుకారు ప్రవేశించెను. మైదానము నుండి ఉప్పు, బట్ట, ఎండుచేప తెచ్చి సంతలో బెట్టును. చింతపండు, పసుపు, కరక్కాయ, అడ్డాకు కొనిపోవును. రొక్కము లేనివానికి అప్పిచ్చును. లెక్క షావుకారు పుస్తకములో నుండును. అప్పుపడినవానికి అక్షరము రాదు. పంట వచ్చినప్పుడు పంట పోవును. పంట చాలనప్పుడు పల్లపుపొలము పోవును. పొలము తరువాత పెరడు, పెరటితో నిల్లు. కొన్నిచోట్ల మనిషియే తాకట్టుపడి గొత్తియై ఋణదాతయింట చాకిరి చేసెను. ఇల్లమ్మితినని యా మనిషి యెన్నడు ననుకొనలేదు; అమ్మినట్లు కాగితము మాత్రము చెప్పును. పట్టణమున మన మమ్మునప్పుడు భయపడి యమ్ముదుము. అతడు భయపడుటకైన నవకాశము లేక పోగొట్టుకొనెను.

1917వ సంవత్సరపు మదరాసు 1వ యాక్టు దీనికి దొలి కట్టుబాటు. కొండజాతివాడు తన స్థిరాస్తిని ఏజెంటు మొదలగు నధికారుల వ్రాతమూలకమైన యనుమతి లేక యితరులకు బదిలీచేసినచో నది చెల్లదు, వానిపై గల ఋణమునకు సాలుకు నూటికి 24 రూపాయలకు మించి వడ్డీ రాదు, చక్రవడ్డీ కూడదు, మొత్తము వడ్డీ యసలును మించరాదు. ఉద్దేశము మంచిదే. కాని కోటకు రెండు కంతలుండెను. అనుమతి సంపాదించినచో అమ్మకము సాగును. ఒకసారి పరులచేత బడిన భూమి పిమ్మట పరులలోనే యెన్ని చేతులైన మారవచ్చును.

అమ్మకము లేకయే నేల పోవు మార్గము మరియొకటి యుండెను. 1882 నాటి యటవీ శాసనముతో కొండలు రిజర్వు అడవులయ్యెను, పోడు నేరమయ్యెను. దీనికి రోడ్డుపనుల నిర్బంధపు చాకిరి తోడయ్యెను. 1922 ఆగస్టు 22వ తేదీన అల్లూరి సీతారామరాజును ఆయన యనుచరులును చింతపల్లి పోలీసు ఠాణాపై బడి యాయుధములను గొనిపోవుటకు వెనుక నీ కథయంతయు గలదు. ఆ యుద్యమమున ముందు నిలిచిన గాము గంటము దొర, మల్లు దొర సోదరులు సయితము పాలకుల చేతలవలన దెబ్బతిన్నవారే. 1917 నాటి శాసనము పుస్తకములో నుండగనే యైదేండ్లలో నింత జరిగెనన్నచో, శాసనమునకును గుడిసెకును నడుమ దూరమెంతయో యూహింపదగును.

1940లో ఋణదాస్యమును రద్దుచేయు నిబంధన వచ్చెను. 1950లో రాజ్యాంగము తన యైదవ షెడ్యూలున ఇట్టి ప్రాంతములలో భూమి బదిలీలను నిషేధింప గవర్నరు కధికార మిచ్చెను. 1959లో ఆంధ్రప్రదేశపు షెడ్యూల్డు ప్రాంతముల భూబదిలీ నిబంధన పుట్టెను. 1969లో ముఠాదారీ రద్దై, భూములు రైతువారీ పద్ధతిలోనికి వచ్చెను. 1970లో చేసిన సవరణ పై జెప్పిన రెండు కంతలను బూడ్చెను. నాటినుండి షెడ్యూల్డు ప్రాంతములోని స్థిరాస్తిని అమ్మువా డెవ్వడైనను - ఆదివాసియైనను, కాకున్నను - ఆదివాసికే, లేక ఆదివాసులు మాత్రమే సభ్యులైన సహకార సంఘమునకే యమ్మవలయును. ఇతరులచేత నున్న యాస్తి యాదివాసి యొద్దనుండి వచ్చినదేయని, అన్యథా నిరూపింపబడువరకు, భావింపవలయును. అమ్మకమే గాదు, దానము, మార్పిడి, తాకట్టు, కౌలు కూడ బదిలీలే. మరణశాసనము మాత్రము మినహాయింపు. 1978లో ఇట్టి పత్రములను రిజిస్టరు చేయుట నిషిద్ధమయ్యెను. చట్టమును మీరి భూమిని సంపాదించుట శిక్షార్హమయ్యెను.

నేలకు వర్తించునది నేలపై నిలిచిన యింటికిని వర్తించును. కావున చింతపల్లిలో ఇల్లమ్ముట కొనుటల చింత మైదానపు చింతవంటిది గాదు. తాతలనాడు వచ్చి యంగడి పెట్టుకొన్న గిరిజనేతర కుటుంబమును తలపుడు. పిల్లలు పట్టణములలో స్థిరపడిరి. వృద్ధ దంపతు లిల్లమ్మి వారియొద్దకు బోదలచిరి. కొనజాలినవాడు చట్టరీత్యా యనర్హుడు, అర్హుడైనవానియొద్ద పైకముండదు. ప్రభుత్వమునకే యాస్తి నప్పగించి పరిహారము గొనుటకు నిబంధనలో దారి కలదుగాని, ఆ పరిహారము బజారు ధర గాదు. వీరి కష్టము నిజమైనదే. దానిని పరిహసించుట మాకు సమ్మతము గాదు.

అయినను న్యాయస్థానము లీ కట్టుబాటును నిలిపెను. 1988లో సుప్రీంకోర్టు, గిరిజనేతరులలో గిరిజనేతరులు చేసికొను బదిలీలనుగూడ నిషేధించుట చెల్లునని తీర్పు చెప్పెను. లేనిచో ఆదివాసి యొద్దనుండి పోయిన నేల యేనాటికిని వాని దరికి రాజాలదు గదా. నిషేధమునకు పూర్వము న్యాయముగ జరిగిన బదిలీలను మాత్రము ఇది భంగపరుపదని 1995లో నిర్ణయించెను. 1997లో, అనంతగిరి ప్రాంతపు గనుల కౌళ్లను గూర్చి సమత సంస్థ తెచ్చిన వ్యాజ్యెమున, ప్రభుత్వముసయిత మీ కట్టుబాటునకు లోబడినదేయని తేల్చెను. 1837లో వేలమున కొండలను గొన్న ప్రభుత్వమను వ్యక్తి, 160 ఏండ్లకు తానును కట్టుబడవలసిన వాడయ్యెను.

ఇంతటితో కథ ముగిసినచో బాగుండెడిది. తలుపు మూసినచో దొడ్డిదారి వెదకువారు లోకమున నుందురు. తెల్లకాగితముపై వ్రాసికొనిన క్రయము, నమ్మకస్థుడైన గిరిజనుని పేర బేనామీ పట్టా, కౌలను పేరు పెట్టని కౌలు - ఇవి యన్నియు మన్యమున వినవచ్చునవే. వీనిలో హేయతమమైనది, గిరిజన స్త్రీని నామమాత్రముగ పెండ్లాడి యామె పేర నాస్తి గడించి, పని తీరిన పిమ్మట నామెను విడనాడుట. వివాహమును దస్తావేజుగ మార్చుట యిది. కన్యాశుల్కమును నిరసించిన నాడు స్త్రీని వెలకట్టుట పాపమంటిమి. ఆమె కులధ్రువపత్రమునకు వెలకట్టుట పుణ్యమా? ఇప్పుడు లంబసింగి చలిని జూడ శీతకాలమున యాత్రికులు గుంపులుగ వచ్చుచున్నారు. వసతిగృహముల లాభము నాశించి కొండవాలున నేలకై వెదకువారును గలరు. షావుకారు పుస్తకము పోయి పెట్టుబడిదారు లెక్క వచ్చినది గాని, అవతలివానికి లెక్క తెలియకపోవుట మాత్రము మారలేదు.

ఒక యాక్షేపణము విననగును. “అమ్ముకొను స్వేచ్ఛ లేని యాస్తి యాస్తియా? ఈ కట్టుబాటువలన ఆదివాసి తన నేలకు ధర రాక దరిద్రుడై యున్నాడు గదా” యని. స్కాట్లండు కొండసీమలోని క్రాఫ్టరులను చిన్నకమతపు కౌలురైతుల చరిత్రము నిచ్చట జూడవలయును. గొఱ్ఱెల మేతబీళ్లకై భూస్వాములు వారిని వేలకొలది గుడిసెలనుండి వెడలగొట్టిరి. ప్రతిఘటనపై 1886లో వారికి రక్షణచట్టము వచ్చెను: శిస్తు చెల్లించుచున్నంతకాలము తొలగింపరాదు, తగిన శిస్తు నిర్ణయింపబడును, హక్కు వారసునకు జెందును. 1976లో ఆ కమతములను సొంతముగ గొనుటకు హక్కు కలిగెను. అందువలన కొందరు లాభపడినమాట నిజమే. కాని సొంతమైనది సంతకు వచ్చును; సంతకు వచ్చినది ధనికునకు జెందును. ఆ సీమలో బుట్టిన యువజనులే యచ్చటి ధరలకు దాళజాలక వలసపోవుట నేడక్కడి చర్చలలో వినవచ్చుచున్నది. అమ్మువానికి స్వేచ్ఛ యొక్కరోజు పండుగ. వాని బిడ్డలకు నేల లేమి యెల్లకాలపు లంఖణము.

ధరకు మారుగ ఋణమునకు దారి చూపుట మంచిది. 1971 నాటి సవరణ బ్యాంకులయొద్దను సహకార సంస్థలయొద్దను తాకట్టునకు వీలు కల్పించినది. 1996 నాటి చట్టము అన్యాక్రాంతమును నివారించు నధికారమును గ్రామసభ కిచ్చినది. 2006 నాటి యటవీహక్కుల చట్టము రిజర్వు అడవిచే బోయిన హక్కును గొంతవరకు మరల నిచ్చినది. ఆ హక్కు వారసులకు సంక్రమించునుగాని యమ్ముటకు వీలులేదు. వివాహితులైనచో పట్టా భార్యాభర్త లిరువురి పేరనుండవలయును. మైదానమున మన మెందరము ఇంటి దస్తావేజున ఇల్లాలి పేరును జేర్చితిమి? సంస్కర్తలమని చెప్పుకొను మన మీ విషయమున మన్యమునకు శిష్యులము కావలసియున్నది.

చివరకు మా మనవి యొక్కటి. ఇల్లు కొనుటలో మనకు గలుగు భయమును మన మెరుగుదుము. హక్కు చెడినదేమో, మోసపోవుదుమేమో యని పది దస్తావేజులు తిరుగవేయుదుము. ఆ భయములో సగమైనను అవతలివానిపక్షమున బడదగును. “కొండపైన నేల చౌకగ వచ్చుచున్నది, పేరు మాత్రము వేరొకరిది” యని యెవ్వరైనను మన గుమ్మము త్రొక్కినప్పుడు, ఆ పేరు గల మనిషి యెవరు, ఆమె పొయ్యి యెక్కడ వెలుగుచున్నది యని యడుగుడు. ఇంటి యజమానుడు సంకోచించినచో ఇల్లాలడుగవలయును. శాసనములు 1917 నుండి వచ్చుచునే యున్నవి. కొనువాడు లేనిదే దొడ్డిదారి తనంతట మూసికొనును.